కొల్లా

నా నిఘంటువు వెన్ను విరిగి
‘మ’ దగ్గర రెండు ముక్కలై చేతికొస్తే
థెస్సలోనికి ఓడరేవు వెనక సందులో
ఎవ్‌దొకియా దుకాణానికి పట్టుకెళ్లాను.

లోపల తడితోలు వాసన.
పొయ్యి మీద గిన్నెలో గిన్నె,
రాత్రంతా నానిన చర్మపు తునకలు
మరగకుండా కరుగుతున్నాయి.
“మరిగిందా, చచ్చిందే” అంది కర్రతో కలియబెడుతూ.
“దీన్ని మేం కొల్లా అంటాం.”

నవ్వొచ్చింది నాకు.
నా భాషలో కొల్ల అంటే దోపిడీ,
కొల్లలంటే లెక్కకు అందనన్ని.
చెప్పాను. ఆమె నవ్వలేదు.
“ఇక్కడా దానికి పనులు తక్కువేం కాదు.”

కొట్లో తెల్లకాగితం కావాలన్నా కొల్లా అనే అడుగుతారట,
ఎందుకో ఆమెకూ తెలీదు.
పక్కవాడి జలుబు మనకొస్తే అదే మాటకు క్రియ.
మన అంటు గుర్తొచ్చింది నాకు:
మామిడి కొమ్మకీ అదే, మశూచికీ అదే,
మనిషిని వాకిట్లోనే ఆపెయ్యడానికీ అదే.
ప్రాణస్నేహితుడు కొల్లితోస్, అతుక్కుపోయినవాడు.
కంప్యూటర్ బిగుసుకుపోయినా
నోట్లో మాట సగంలో ఆగినా
“కొల్లిసే” అని చెయ్యి విదిలిస్తారు.

ఇంకా పాతది ఒకటుంది.
పాపిరస్ చుట్టకి అన్నిటికన్నా ముందు అతికించిన రేకు
ప్రొతోకొల్లో.
ఎప్పుడు చేశారో, ఏ అధికారి ఏలుబడిలోనో
దాని మీదే ఉండేది.
దాన్ని కోసేసి దొంగ పత్రాలు పుట్టిస్తుంటే
కొయ్యొద్దని ఒక చక్రవర్తి శాసనం వేశాడట.
ఇప్పుడది ఆఫీసు కిటికీలో
విసుగ్గా పడే ముద్ర, ఒక అంకె.

తలుపు గంట మోగింది.
చెల్లెలు చెయ్యి పట్టుకొచ్చి
త్రాసివులోస్‌ని కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లింది.
ప్రతి మంగళవారం ఇంతే.
“ఎవ్…” అన్నాడు. పెదవులు అక్కడే ఉండిపోయాయి.
“కొల్లిసా,” ఇరుక్కుపోయాను, అన్నాడు సిగ్గుపడుతూ.
“పర్లేదు. నేనెక్కడికీ పోను.”

పిండి జిగురు చేత్తోనే తీసి నా పుస్తకం వెన్నుకి రాస్తూ
తల ఎత్తకుండా చెప్పింది.
ఇరవయ్యేళ్లు మాకు. సైనికుల పాలన.
ఒక బకెట్టు, రెండు కుంచెలు,
గోడల మీద అర్ధరాత్రి పోస్టర్లు.
మైదా ఇంట్లోంచి నేనే దొంగిలించేదాన్ని.
బూట్ల చప్పుడు విని నేను పరిగెత్తాను.
అతను బకెట్టు కోసం ఆగాడు.
అతని గోళ్లలో ఎండిన పిండి
ఠాణా పుస్తకంలో ఒక ప్రొతోకొల్లో అంకె కింద సాక్ష్యం.
రెండో కుంచె ఎవరిదని
పదకొండు రోజులు అడిగారు.

అక్కడ ఆపి, గుడ్డ తడిపి, అంచులు తుడిచింది.
“మంచి జిగురు తడిగుడ్డకి లొంగాలి.
రేపెవరో దీన్ని విప్పాల్సి రావచ్చు.”
పుస్తకం గురించే అన్నదనుకుంటాను.

అతను ఆమె చేతుల్నే చూస్తున్నాడు,
మణికట్టు దాకా తెల్లగా ఎండుతున్న చేతుల్ని.
కుర్చీ పడిపోయేంత వేగంగా లేచాడు.
“ఎవ్‌దొకియా, చేతులు కడుక్కో. వస్తున్నారు.”
ఏ అక్షరం దగ్గరా ఆగలేదు.

ఎవరూ రావట్లేదని ఆమె చెప్పలేదు.
కొళాయి తిప్పింది. ఒక్కో గోరూ తోముకుంది.
అతను మాకు వీపు చూపిస్తూ
గుమ్మంలో నిలబడి సందు కాపలా కాశాడు.
బయట ఒక ఐస్‌క్రీమ్ బండి వెళ్లింది.

“పోయిందా?” అన్నాడు ఇటు తిరక్కుండానే.
ఎడమ బొటనవేలి గోటి కింద
కాస్త తెలుపు ఇంకా ఉంది. చూసుకుంది.
“పోయింది” అంది.