ఆవిరి పద్దు

ఒంగోలులో మా విద్యార్థుల అపార్ట్‌మెంటుకి
తూర్పు గోడ సగమే ఉంది.
ఇటుకకీ ఇటుకకీ మధ్య బెజ్జాలు.
డబ్బు చాలక వదిలేశారనుకున్నాం.
ఆటోవాళ్ళు జల్లెడ హాస్టలన్నారు.

రోహిణి కార్తెలో కరెంటు పోయిన సాయంత్రం
కొత్తపట్నం వైపు నుంచి పైరగాలి లేచి
ఆ బెజ్జాల్లో దూరి
మూడో అంతస్తులో నా లుంగీని ఊపింది.
అప్పుడు తెలిసింది
మస్తాన్ మేస్త్రీకి లెక్కలొచ్చని.

మెట్లకి చీమకుర్తి క్వారీలో పారేసిన ముక్కలు.
మేడమీద విరిగిన తెల్ల టైళ్ళు,
మిట్టమధ్యాహ్నం వట్టికాళ్ళతో నిలబడొచ్చు.
స్నానాల నీళ్ళు ఇసకలోంచి నడిచి
మెట్టతామర దుబ్బుల కింద కాసేపు ఆగి
మళ్ళీ మరుగుదొడ్లోకి ఎక్కుతాయి.
నీళ్ళకిక్కడ రెండో ఉద్యోగం కూడా ఉంది,
మాలో చాలామందికి మొదటిదే రాదు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు గోడకి ఫోటోలు తీస్తారు.
నేను నేలకింద తొట్టి చూపిస్తాను.
అరవైవేల లీటర్ల వాన.
మొదటి జల్లు వదిలేసి, రెండోది నుంచి పట్టింది.
వార్డెన్ పెంచలయ్య వెదురుబద్ద దించి
తడి ఎక్కడిదాకా ఉందో వేలితో తడుముతాడు.
మనిషికి రోజుకి నాలుగు లీటర్లు,
తాగడానికే.

మాది కనిగిరి పక్క.
ఫోటోల్లో నేను నోరు మూసుకునే నవ్వుతాను.
మా బోరు నా పళ్ళమీద గోధుమరంగు గీతలు గీసింది.
చెల్లి కెజియాకి ఏడేళ్ళు,
పాలపళ్ళు ఊడుతున్నాయి.
చిగురు లోపలే మరక పడుతుందిరా అన్నాడు
డెంటల్ చదివే ఖాదర్‌బాషా.
లోపల ఇంకా రానివి ఉన్నాయిగా అన్నాను.

శనివారం కనిగిరి బస్సుకి
పుస్తకాల సంచిలో, లుంగీ చుట్టి,
అయిదు లీటర్ల డబ్బా.
పొదుపుగా తాగితే దానికి మూడ్రోజులు.
తర్వాత మళ్ళీ బోరే.

నాలుగో శనివారం గేటు దగ్గర
పెంచలయ్య సంచి ఎత్తి చూశాడు.
"పుస్తకాలు తొణుకుతున్నాయేంది అబ్బయ్యా?"
చెప్పాను. నోరు తెరిచి చూపించాను కూడా.
ఆయన పళ్ళు చూళ్ళేదు.
డబ్బా మూత వదులుగా ఉందని
బిగించి ఇచ్చాడు.

నెలాఖరున నోటీసుబోర్డుకి నీటిపద్దు అంటించారు.
వంటకి ఇంత, తాగడానికి ఇంత.
అడుగున, కోడి గెలికినట్టుండే ఆయన రాతలో
ఆవిరి: ఇరవై లీటర్లు.

నేలకింద తొట్టి అది. పైన స్లాబుంది,
స్లాబు మీద సిమెంటు మూత.
నూటపద్నాలుగు మందిమి, సగంమంది ఇంజినీరింగే,
ఆ పద్దు ముందునుంచే
రోజూ అన్నానికి వెళ్తున్నాం.
లెక్క తప్పని
ఒక్కడూ అనలేదు.