మానుపసుపు

ఆరూపదికి మొదటి ట్రిప్పు, విజయవాడ నుంచి గుంటూరు.
మిషను నొక్కితే చాలు
ఎవరి టికెట్టు మీదైనా తేదీ పడుతుంది.
నాకే పడటం లేదు,
మార్చి ఇరవైరెండు తర్వాత.

సంచిలో చిల్లర, వేబిల్లు, గడ్డం కింద వెంట్రుకలకి పట్టుకారు,
పాత కూల్‌డ్రింకు సీసాలో
రాత్రి నానేసిన మెంతుల నీళ్ళు.
వారధి దాటేలోపు తాగెయ్యాలి,
ఏటిగాలికి చేదు కాస్త తగ్గుతుంది.
"ఏంటమ్మా అది?" అంటాడు డ్రైవరు సాంబిరెడ్డి.
"షుగరుకండీ" అంటాను.
అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు.

సూర్యారావుపేటలో స్కానింగు గది చీకటి.
అంచు పొడుగునా ముత్యాల వరస, చూశావా
అంది డాక్టరమ్మ.
నాకు ముత్యాలు కనపడలేదు.
నానిన సబ్జా గింజలు,
ఒక్కోటీ తన చుట్టూ తాను ఉబ్బి
దిగాల్సిన స్టాపు మర్చిపోయి.
"ఇది గర్భసంచిది ఒక్కదానిదే కాదు,
తిన్న చక్కెర ఒంట్లో దారి తప్పడం కూడా."
దారి తప్పడం నాకు తెలుసు.
మంగళగిరిలో దిగాల్సినవాళ్ళు
గుంటూరు బస్టాండులో కళ్ళు నులుముకుంటూ లేస్తారు,
రోజూ ఎవరో ఒకరు.

చెల్లెలు ఫోన్లో సీసా తెప్పించింది.
పద్నాలుగు వందల యాభై. మీద ఆకు బొమ్మ.
"మొక్కలదేనక్కా, ఏం కాదు."
పేరు బెర్బరిన్ అని ఉంది.
వన్‌టౌన్‌లో సుబాని గారి మూలికల కొట్టుకి పట్టుకెళ్ళాను.
మూత తీసి వాసన చూసి నవ్వాడు,
వెనకడబ్బాలోంచి పచ్చటి కట్టెముక్క తీశాడు.
"ఇందులోంచి తీసే సరుకేనమ్మా. మానుపసుపు.
కళ్ళకలకలకి మా నాయన అరగదీసేవాడు.
నీ జబ్బు సంగతి నాకు తెలీదు.
తెలీనిదానికి డబ్బు తీసుకోను."
ముక్క ఊరికే ఇచ్చి పంపాడు.

డాక్టరమ్మ కసురుతుందనుకున్నా. కసరలేదు.
"మొక్క అయితే? గన్నేరు మొక్క కాదూ?
మంచి చేస్తుందని కొందరు రాశారు,
చూసింది తక్కువమందిని.
నేనిచ్చే బిళ్ళతో కలిపితే చక్కెర మరీ పడిపోవచ్చు.
పిల్లలు కావాలనుకున్న రోజున ఇది ఉండకూడదు.
ఏది మింగినా నాకు చెప్పి మింగు."
సీసా బీరువాలోకి పోయింది.
కట్టెముక్క మాత్రం దిండు పక్కనే,
ఎందుకో.

గుంటూరులో హాల్టు ఇరవై నిమిషాలు.
బజ్జీల బండి వైపు చూడకుండా
ప్లాట్‌ఫారాల చుట్టూ నడుస్తాను.
కుడితో తినే బియ్యం తగ్గించాను, ఎడమతో తింటున్నానని
మా అత్త ఎకసెక్కం.
నిజమే, కొన్ని రోజులు.

జులై పదకొండు. కాజ టోలుగేటు.
నడుం కింద పాత చుట్టంలా ఒక నొప్పి.
మెంతులా, బిళ్ళా, నడకా
ఎవరు పిలుచుకొచ్చారో తెలీదు,
ఒక్క నెల దేనికీ సాక్ష్యం కాదు.
అయినా
డబ్బులు నేనే వేసి
నాకొక టికెట్టు కొట్టుకున్నాను, పెద్దలు ఒకరు.
తేదీ పడింది.
కాగితం అంచున ఎర్రగీత,
రోలు అయిపోవస్తోందని.

ఈ అక్షరాలు ఆర్నెల్లు కూడా ఉండవు, తెలుసు.
"మేడమ్, చిల్లర!" అని వెనక సీట్లోంచి ఎవరో.
వస్తున్నా.