బురైమీల దొరికిన అద్దాలు

పొద్దుగాల ఆరింటికి దింపిండు గుల్ జమాన్.
బస్సు దిగినోళ్ళను ఒక్కొక్కలను
సంతల మేకపిల్లల లెక్క వేలు పెట్టి ఎంచిండు.
పదిహేడు.
"వీసా వచ్చినోళ్ళు ఎక్కుతరు, రానోళ్ళు ఉంటరు."
గంతే ముచ్చట.

అల్ ఐన్ దిక్కు పోయినట్టు ముద్ర పడ్డది,
వచ్చినట్టు ముద్ర ఇంకా ఏడా పడలే.
గడియారం మార్చే పని లేదు, రెండు దిక్కుల ఒకటే టైము.
పైసలే మారినయ్.
వెయ్యి బైసలైతే ఒక రియాలు.
చాయ్‌కి వంద అంటే గుండె గుభేలుమన్నది,
వేళ్ళ మీద లెక్క చేసుకుంటే ఒక్క దిరమే.

ఆరేండ్ల సంది సైరన్‌కు లేచిన పెయ్యి,
పని లేని పగలును ఏ కొసకు పట్టుకోవాలెనో తెల్వక
బజారెంబడి తిరిగిన.
మట్టికోట చూసిన, మాడిన జొన్నరొట్టె రంగుది.
ఖర్జూర తోటల మోటర్ సప్పుడు లేకుంట నీళ్ళు పారుతున్నయ్,
చెయ్యి పెట్టిన, సల్లగ లేవు, ఎచ్చగ లేవు.
కంచె మీద ఒక పిట్ట కూసున్నది.
పిట్టకు పాస్‌పోర్ట్ లేదని ఎవలన్న పాట కట్టుకోవచ్చు.
నాకైతే అది ఆకలితోని ఉన్నట్టే కనవడ్డది.

నడిపి సాయన్న గదిలనే పన్నడు.
బోధన్ దిక్కు మనిషి,
చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక ఎల్లినోడు.
ఫోన్ ఛాతి మీద పెట్టుకున్నడు,
మెసేజ్ వస్తే పెయ్యికే ఎరుకైతది గద అని.

లాడ్జి కౌంటర్ ఎనుక ఒక అల్మారా.
మరిచిపోయినోళ్ళవి అన్నడు కుంజుమోన్.
ఎడమకాలి చెప్పు, సగం సబ్బు, మూడు చార్జర్లు,
నిరుటి తమిళ క్యాలెండరు,
తాడు కట్టిన కళ్ళద్దాలు.

ఊకెనే పెట్టుకున్న.
నలభై మూడేండ్లు నాకు.
అక్షరాలు ఎప్పుడు చీమలయినయో యాదికి లేదు,
దుమ్ముకు అనుకున్న, గ్రైండర్ నిప్పులకు అనుకున్న.
పాస్‌పోర్ట్ తెరిచిన.
చీమలు నిలవడ్డయ్.
నా పేరు మంచిగనే ఉన్నది.
నాయిన పేరుల ఒక అక్షరం ఎక్కువున్నది.
పుట్టిన ఊరు కాడ
ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం కూడుకుంట పోతే
మేడిపల్లి వచ్చింది.
మాది మెట్‌పల్లి.
మల్ల కూడిన.
మల్ల మేడిపల్లే.

ఆరేండ్లు. తొమ్మిది ముద్రలు.
ఒక్కడు అడగలే, నేను సూడలే.
మేడిపల్లిల నాకెవలున్నరు?
ఒకపారి బర్రెను కొనెటందుకు పోయిన,
బేరం కుదరలే, మంచినీళ్ళు తాగి వచ్చిన.
గా ఊర్ల ఇప్పుడు నా పేరు మీద పుట్టినోడు ఒకడున్నడు.
ఆ బర్రెను వాడు కొన్నడో ఏమో.

చెప్తే సాయన్న నవ్విండు,
ఇనుప మంచం కిర్రుమనేదాక నవ్విండు.
"నయం, నిన్ను జపాన్ల పుట్టియ్యలే."

తెల్లారి పదకొండింటికి నా ఫోన్ అదిరింది.
ఆయనది అదరలే.
ఇద్దరం దానిదిక్కే జరసేపు చూసినం,
పొయ్యి మీద పాలను చూసినట్టు.

అద్దాలు వాపసు పెట్టబోతే
కుంజుమోన్ తల అడ్డంగ ఊపిండు.
ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాలెనంట.
గోర్లు తీసే కట్టరు ఇచ్చిన.
సగం సబ్బు పక్కన పెట్టిండు.

గుల్ జమాన్ మల్ల ఎంచిండు.
పదహారు.
బస్సు మర్రుతుంటే ఒళ్ళె పాస్‌పోర్ట్ తెరిచే ఉన్నది,
నా పేరు, నాది కాని ఊరు,
సన్నటి గీతలతో సహా సాఫ్‌గ కనవడుతున్నయ్.
తల ఎత్తి కిటికీలకెళ్ళి చూస్తే
లాడ్జి గల్మల నిలవడ్డ మనిషి
ఉత్త మసక,
లుంగీ ఏదో గోడ ఏదో తెల్వకుంట.

అద్దాలు తీసిన.
సాయన్న చాయ్ గిలాస ఎత్తి చూపిస్తున్నడు.