నేదు

కాశీబుగ్గ రేషన్ డిపోలో
గున్నమ్మప్ప కుడి బొటనవేలు మూడుసార్లు పెట్టింది.
మూడుసార్లూ మిషను ఎర్రగా చూసింది.
ఎడమ చెయ్యి. చూపుడు వేలు.
చీరచెంగుకి తుడుచుకుని మళ్లీ బొటనవేలు.
"నువ్వు నువ్వు కాదంట" అన్నాడు డీలరు, నవ్వుతూనే.
వెనక వరుసలో సంచులు కూడా నవ్వాయి.

ముప్పై ఏళ్లు జీడిపిక్క కొట్టిన చేతులవి.
పిక్కలో నూనె ముందు తోలు తింటుంది,
తర్వాత గీతలు,
ఆ తర్వాత ఏం తింటుందో మాకింకా తెలీదు.
బూడిద రాసుకుంటాం, ఆముదం రాసుకుంటాం,
అన్నం కలిపితే మంట,
తల నిమరబోతే పిల్లలు తప్పించుకుంటారు.
ఇంత నల్లటి వేళ్లలోంచి
ఆ పప్పు అంత తెల్లగా ఎలా బయటికొస్తుందో,
బద్ద కాకుండా, గాటు పడకుండా
ఏ ఊరి పెళ్లి పాయసంలోకి పోతుందో.

గున్నమ్మప్ప డిపో మెట్టు మీద కూలబడింది.
ఏడవలేదు. ఖాళీ సంచి నాలుగు మడతలు పెట్టి
"ఏలు నేదన్నాది మిసను.
గొంతు ఉంది గదేటి?" అంది.

ఆ రాత్రి కూలి చీటీ వెనక రాశాను,
కిలోలు రాసేవైపు కాదు, ఖాళీవైపు.
పెన్ను జారింది. నా వేళ్లూ అరుగుతున్నాయి మరి.
ఆమెవి రెండు వాక్యాలు, కింద నావి నాలుగు.
చేర్చాక తెలిసింది, బరువంతా ఆమెవాటిదే.

శ్రీకాకుళంలో కవుల సభ అంటే పట్టుకెళ్లాను,
టెక్కలి దాకా బస్సులో నిలబడే.
కళ్లజోడాయన మంచివాడే. టీ ఇప్పించాడు.
భావం బాగుందన్నాడు.
ఎర్రసిరాతో 'నేదు' కొట్టేసి 'లేదు' రాశాడు,
'ఏలు'కి వకారం తొడిగాడు,
'గదేటి' చుట్టూ సున్నా చుట్టాడు.
నాకు మళ్లీ ఆ మిషనే కనిపించింది.
నువ్వు నువ్వు కాదంట.

తిరుగు బస్సులో, నరసన్నపేట దాటాక,
ఆ ఎరుపు మీద నీలంతో దిద్దుకున్నాను:
నేదు.
మాయమ్మ కడుపులో నేను విన్న మొదటి మాట
అదే అయ్యుంటుంది.
బియ్యం నేదు. ఉప్పు నేదు.
తుపాను ఎల్లినాక తోట నేదు.
ఉద్దానంలో ఇంటికొకరికి ఒంట్లో సత్తువ నేదు.
ఇంత మోసిన మాటని
ఒక్క గీతకి దించెయ్యమంటే ఎలా?

మర్నాడు షెడ్డులో చదివాను.
చదవడమంటే పెద్దగా ఏం కాదు,
దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో
ఒక్కో మాట పడెయ్యడం.
దాలమ్మ నవ్వింది. తవిటమ్మ మళ్లీ చెప్పమంది.
హేమసుందరి కొట్టడం ఆపి
చేతులు తిరగేసి చూసుకుంది.
మధ్యాహ్నం అంబలి వేళకి
నా చీటీతో ఎవరికీ పని లేకపోయింది.

సాయంత్రం తూకం.
గుమాస్తా ఎప్పట్లాగే కాటా తనవైపు తిప్పుకుని
"పదకొండున్నర" అన్నాడు.
దాలమ్మ అంది: "కన్ను ఉంది గదేటి?"
ఆ వాక్యం నేను రాయలేదు.
వెనకనుంచి ఇంకెవరో: "నెక్క తెలుసు గదేటి?"
ఇంకెవరో, ఇంకెవరో,
నలభైమంది, గదేటి, గదేటి,
రేకుల కప్పు మీద వాన మొదలైనట్టు.

కూలి పెరగలేదు. అబద్ధం ఎందుకు.
గున్నమ్మప్పకి ఈ నెలా అరువు బియ్యమే.
కాటా మొహం మాత్రం మావైపు తిరిగింది.
దాలమ్మ పప్పు పన్నెండుంపావు.
ముప్పావు కిలో, ఒక్క పూటకి.
ఎన్ని పూటలో లెక్కెయ్యడం మొదలెట్టి
తవిటమ్మ మధ్యలో ఆగిపోయింది.

మొన్న గున్నమ్మప్ప అడిగింది,
"నా మాటలు రాసీసినావంట గదా,
కింద నా పేరెట్టినావా?"
పెట్టలేదు. సిగ్గేసింది.
రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపి,
గుమాస్తా సిరామెత్త మీద బొటనవేలు నొక్కి
చీటీ మీద ఒత్తింది.
ఒక్క గీతా లేని నీలం మచ్చ.

షెడ్డంతా గుర్తుపట్టింది.