పత్తికుప్ప కాడ కుర్మయ్య

కల్వకుర్తి జిన్నింగు మిల్లుల
ఫాల్గునం ఎండకు రేకులు టకటకమంటున్నయి.
రెండు తాళ్ల ఎత్తు పత్తికుప్ప.
లోడరు కిందినుంచే కొరికి కొరికి
పొట్ట లోపలికి పాయె, తల ముందుకొచ్చె.
దాని నీడ సల్లగుంటదని
అందరం అక్కడే సద్ది ఇప్పుతం.
కుర్మయ్య కూసోడు.
గిన్నె పట్టుకొని కాటా దాకా పోతడు, ఎండలకు.

"సలి సంపదు. ఎండ సంపుతది" అంటడు.
మేము సూసిన మంచు సోడాబండి మీది గడ్డనే,
మాకేం సమజైతది.
కేలాంగు తొవ్వల నాలుగేండ్లు
మేస్త్రి ఎంబడి పోయి పారతోని ఎత్తిండు.
పొద్దుగాల బండలెక్క, లారీ ఎక్కినా దిగబడదు.
పది దాటితే తడిసిన దూది.
పైకి తెల్లగ, ఏమెరగనట్టు,
కింద రాయికీ మంచుకూ నడుమ
నీళ్లు సప్పుడు లేకుండ పారుతుంటయి.
ముందుగాల చిన్న చిన్న ఉండలు దొర్లుతయి
పోరగాళ్లు గోటీలు ఇడిసినట్టు.
"గప్పుడు ఉరకాలె. సూసుకుంట నిలబడొద్దు."

నిలబడ్డోడు మాగనూరు పిలగాడు,
ఫోను ఎత్తి ఫోటో తీసుకుంట.
పేరు జెప్పడు కుర్మయ్య.
వాని పార నాలుగోనాడు దొరికింది.
వాడు జ్యేష్ఠంల.

నిన్న మూడు గంటలకు
కుప్ప మీంచి పిడికెడు పత్తి
దానంతట అదే దొర్లింది. గాలి లేదు.
ఇంకోటి.
కుర్మయ్య ఉరికొచ్చి బాలకిష్టమ్మ గంప గుంజిండు,
ఆశమ్మను రెక్క పట్టి ఈడ్చిండు,
లోడరు డ్రైవరును దిగు దిగుమని ఒర్లిండు.
పదకొండు మందిమి కాటా కాడ నిలబడి
అరగంట సూసినం.
కుప్ప కదలలే.
సేటు వొచ్చి నవ్విండు.
పూట కూలి కోసిండు.
ఆశమ్మ తిట్టింది. నేను గూడ తిట్టిన.

రాత్రి తొమ్మిదింటికి, వాచ్‌మెన్ జెప్పిండు,
పెద్దమనిషి ఎవరో మంచంల ఒత్తిగిల్లినట్టు
"హుమ్మ్" అన్నదంట, ఒక్కసారే.
తెల్లారి పోయి సూస్తే
లోడరు సగమే కనబడుతున్నది.
నా నీళ్లడబ్బా యాడున్నదో.
సేటు కూలి మాట ఎత్తలే.
మేం గూడ ఎత్తలే.

కుర్మయ్య ఒక్కడే దగ్గరికి పోయి
పిడికెడు పత్తి తీసి
గట్టిగ పట్టుకున్నడు, శానాసేపు.
ఇప్పి సూసిండు.
అట్లనే ఉన్నది.
చెయ్యి తడి కాలేదేందని
ఇంకా దాన్నే సూస్తున్నడు.