మూడు జానలకు రెండు వేళ్లు తక్కువ

కొత్తవాడలో మగ్గం పక్కన ఇనుప సందూకు.
తెరిస్తే మొదలు నాఫ్తలీన్ వాసన,
తర్వాత వేపాకు,
ఆ అడుగున ఉన్నిలో ఇంకిన ఎవరిదో చెమట.
ఇరవై ఏడు టోపీలు.

మొదటిది కాజీపేట పాతసామాన్ల దుకాణంలో దొరికింది,
సత్తు గిన్నెల కింద నలిగిన ఆకుపచ్చది.
ఓదెలు దాన్ని తక్కెట్లో వేసి
"నూరు గ్రాముల సిపాయి" అని నవ్విండు.
నవ్వకుండా పైసలిచ్చి
చంకల పెట్టుకొని ఇల్లుదాకా నడిచిన.

అప్పటిసంది ఆగలే.
ట్యాంకు దళం నలుపు, ఫిరంగి దళం నీలం.
పారాచూట్లోళ్ల మెరూన్ ఒక్కటంటే ఒక్కటి,
దానికి రెండు నెలల జంపఖానా కూలి పోయింది.
"తలల్లేని టోపీలను సాదుతున్నవు" అంటది మా సూరమ్మ.

నేను నేతగాణ్ణి. బిళ్లను ముందు తిరగేస్తా.
ముఖం మీద జరీ ఏనుగు, అడ్డకత్తులు,
నాకు చదవరాని నినాదం,
అదంతా కవాతుకు.
ఎవరి చెయ్యి తొందరపడ్డదో
ఎక్కడ దారం తెగితే ముడేసి
ఏం కానట్టు ముందుకు పోయిందో
వెనకనే తెలుస్తది.
ఒకదానికి వంకర ఐదు కుట్లు.
దర్జీ పని కాదది.
గుడ్డిదీపం కింద, కొంకర్లు పోయిన వేళ్లతో
ఎవడో వాడే కుట్టుకున్నడు.
ఆ ఒక్కటి ఎంతిచ్చినా అమ్మ.

మొన్న శ్రావణంల పరకాల దిక్కు నుంచి కనకవ్వ వచ్చింది.
"మా తమ్ముడు మొండయ్య. డెబ్బై ఒకటిల పోయిండు.
పెట్టె వచ్చింది. పెట్టెల టోపీ లేదు."

ఏ దళమని అడిగిన. తెల్వదన్నది.
నంబరడిగిన. తెల్వదన్నది.
రంగన్నా చెప్పమన్న.
"ఫోటోల అన్నీ నల్లగనే ఉంటయి గద బిడ్డా."

కుడిచెయ్యి సాపి జాన చూపింది.
"మూడు జానలకు రెండు వేళ్లు తక్కువ.
పట్నం బండెక్కే పొద్దు సుత ఆముదం పెట్టిన తల.
నాకెర్క లేదా?"

సగం నేసిన జంపఖానా మీద అన్నీ పరిచిన.
తోలుపట్టీ వెంట ఆమె చెయ్యి నడిచింది
ఆకు మీది పచ్చపురుగు లెక్క,
ముడుచుకుంటూ, సాగుతూ.
ఇరవై ఒకటోదాని కాడ ఆగింది.
ఐదు కుట్లది.
మళ్లా కొలిచింది.
"వేలెడు తక్కువుంది."

ఉన్ని తడిస్తే గుంజుకపోతదవ్వా,
యాభై ఏండ్లాయె,
అందామని నోటిదాకా వచ్చింది.
అబద్ధం సుత కాదది.
అప్పటికే ఇరవై రెండోది అందుకున్నది.

ఛాయ తాగి లేవబోతూ
ఆ టోపీనే మళ్లా చేతుల పట్టుకున్నది.
"ఏనుగు ఒక దిక్కు ఊడిపోయింది. నేసేటోనివి, కనబడదా?"
సూది ఎక్కించి ఇచ్చిన.
జంపఖానా ఎర్రదారంతోటి
ఆరో కుట్టు ఆమెనే వేసి
పంటితో తెంపింది.

హైదరాబాద్ నుంచి వచ్చిన కొనేటాయన
అద్దం పెట్టి చూసి,
అసలుదనం చెడిందని ధర సగం చేసిండు.
అమ్మనని ముందే చెప్పిన గద,
అద్దం లోపల పెట్టుకొమ్మన్న.