రిమార్కుల గడి

ముప్పయ్యొక్క ఏళ్ళు సబ్ ట్రెజరీలో గుమాస్తాగా
నేనెక్కువసార్లు రాసిన వాక్యం:
"వివరణ కోరుతూ తిప్పి పంపడమైనది."
ఇప్పుడు అమలాపురంలో పెన్షనర్ల సంఘం వరండాలో
ప్లాస్టిక్ కుర్చీ వేసుక్కూచుని
ఆ వాక్యానికి జవాబులు రాస్తున్నాను.
అర్జీకి ముప్పై రూపాయలు.

ఏప్రిల్లో, కాలువలు కట్టేసిన వారం,
నేలపూడి సువార్తరాజు వచ్చాడు.
లాకు లస్కరు. రిటైరై ఏడేళ్ళు.
చంకలో బియ్యం సంచి, సంచిలో కాగితాలు,
కాగితాల అంచుల మీద ఎలక పళ్ళు.
కూర్చోకుండా ముందు కాలువలోకి తొంగిచూశాడు.
చెప్పులు, సీసాలు, ఎవరిదో కుట్టుమిషను తొక్కుడుబల్ల.
"జానెడు ఒండు పెరిగింది" అని
అప్పుడు కూర్చున్నాడు.

తగువు చిన్నదే.
ఎనభై మూడులో ఎన్నెమ్మారు కింద పనిలో పెట్టుకున్న మేస్త్రీ
హాజరుపట్టీలో సువర్ణరాజు అని రాశాడు.
తొంభై నాలుగులో పర్మనెంటు చేసిన ఆఫీసు
సువార్తరాజు అని రాసింది.
మధ్యలో పదకొండేళ్ళు
ఎవరివో తెలీక పైఆఫీసులో ఆగిపోయాయి.
"సదరు సువర్ణరాజు ఎవరు? ఆధారములతో తెలుపవలెను."

"బంగారమే అయితే ఈపాటికి అమ్ముకు తినేవోణ్ణి గదమ్మా"
నవ్వాడు. పై పలువరస లేదు.

ఫైలు తిరగేస్తుంటే రెండో అబ్జెక్షన్ స్లిప్పు దగ్గర
నా వేలు ఆగింది.
దీర్ఘాల తోకలు అలా పక్క అక్షరం నెత్తిమీదికి లాగేది
ఆ ఆఫీసు మొత్తమ్మీద నేనొక్కతినే.
చెప్పలేదు.
ఆయన అడగలేదు.
ఆ రోజు అర్జీకి డబ్బులు పుచ్చుకోలేదు, అంతే.

ఆధారములు అన్నారు గదా.
లాకు గదిలో పాత తలుపు చెక్కల కింద దొరికాయి
పద్నాలుగు గేజి పుస్తకాలు,
చెదలు తిన్నంత తిని వదిలినవి.
పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఆరింటికి
రాతి గేజి మీద నీళ్ళు ఎన్నడుగులో, ఎన్నంగుళాలో.
పక్కన రిమార్కుల గడి.
దాన్ని ఖాళీగా వదలాలని ఆయనకెవరూ చెప్పలేదు.

పెన్షన్ అదాలత్‌లో, గిలగిల్లాడే ఫ్యాను కింద, పైకి చదివాను:

నాలుగూ మూడు. గుర్రపుడెక్క పట్టేసింది. దిగి తీశాను.
నాలుగూ రెండు. కొబ్బరి పడవ తగిలి తలుపు చెక్క చీలింది.
మూడూ పదకొండు. శివారు రైతులొచ్చి తిట్టారు. న్యాయమే.
నాలుగూ ఒకటి. ఆడపిల్ల పుట్టింది. రీడింగు అరగంట ఆలస్యం.
ఎనభై ఆరు ఆగస్టు. రాయి మునిగింది. కనబడలేదు.
నేనున్నాను.

వెనక వరసలో ఎవరో దగ్గారు.
గ్రాట్యుటీలో కోత పడ్డ హిందీ మాస్టారు కావచ్చు.
మొగుడు పోయినట్టు మూడు కాగితాలు తెచ్చినా
నాలుగోది అడిగించుకున్న లైన్‌మన్ భార్య
కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

అకౌంట్సు ఆఫీసరు కుర్రవాడు.
రూలు పుస్తకం మూసేసి జాలిపడలేదు, అది నాకు నచ్చింది.
రూల్లోంచే దారి వెతికాడు.
"ఒకే గేజిని పదకొండేళ్ళు
ఇద్దరు మనుషులు ఒకే చేతిరాతతో కొలవరు"
అని నెమ్మదిగా ఆర్డరులోకి చెప్పాడు.
సర్వీసు కలుస్తుంది. బకాయి వస్తుంది. వడ్డీ రాదు.
ఆలస్యం ఎవరి వల్ల జరిగిందో తేలాకే వడ్డీ మాట,
దానికి వేరే అర్జీ పెట్టుకోవాలి.

సువార్తరాజు నాకేసి చూశాడు.
నేను కిటికీకేసి.

జూన్‌లో, ట్రెజరీలో, రశీదు పుస్తకం ఆయన వైపు తిప్పారు.
పేరు కూడబలుక్కుని రెండుసార్లు చదువుకున్నాడు.
సంతకం చేశాడు. పక్క గడి మీద వేలు పెట్టి
"ఇక్కడేం రాయాలమ్మా?"
ఏం అక్కర్లేదు, ఖాళీగా వదిలేయండి, అన్నాను.
పాత అలవాటు.
అప్పటికే రాసేశాడు:

కాలువకి నీళ్ళొచ్చాయి. ఒకటీ ఏడు.